యాక్సిల్ నట్టు రహస్యం

కారు ముందు చక్రం బేరింగును ఇంటి దగ్గర మార్చుకోవడం యజమానికి చేతకాని పని అనీ, అది కంపెనీ సర్వీసు కేంద్రంలోనే జరగాలనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఇందులో నిజం సగమే; మిగిలిన సగం, పనికి కావలసిన సమాచారాన్ని యజమానికి అందనీయకపోవడం వల్ల పుట్టిన భయం. గుంతల్లో నానిన బేరింగులు ఒక్కొక్కటిగా మోత మొదలుపెట్టే ఈ వానల కాలంలో ఈ సంగతి చెప్పుకోక తప్పదు.

బేరింగు అంటే తిరిగే భాగానికీ నిలిచి ఉండే భాగానికీ మధ్య రాపిడిని తగ్గించే ఉక్కు గుండ్ల అమరిక. బయట ఒక రింగు, లోపల ఒక రింగు, వాటి మధ్య రెండు వరుసల గుండ్లు, గ్రీజు, ఆ గ్రీజు బయటికి పోకుండా, నీరు లోపలికి రాకుండా ఇరువైపులా సీళ్ళు ఉంటాయి. అంబాసిడర్ల కాలంలో ముందు హబ్బును, అంటే చక్రాన్ని బిగించే భాగాన్ని, విప్పి గ్రీజు మార్చి మళ్ళీ బిగించడం మామూలు పని. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తరువాత, ఇంజను శక్తి ముందు చక్రాలకే అందే పద్ధతి మన చిన్న కార్లలో పాతుకుపోయింది. దానితోపాటు బేరింగు కూడా విప్పడానికి వీలులేని ఒకే ముక్కగా మారి, చక్రాన్ని మోసే నకిల్ అనే పోత భాగంలో బిగుతుగా దిగి కూర్చుంది.

జబ్బును గుర్తించడానికి యంత్రాలు అక్కరలేదు. వేగంతోపాటు హెచ్చుతూ, క్లచ్ తొక్కినా తగ్గని మోత బేరింగుది కావచ్చు. కుడివైపు తిరిగేటప్పుడు కారు బరువు ఎడమ చక్రం మీదికి ఒరుగుతుంది కనుక, ఆ మలుపులో మోత పెరిగితే ఎడమ బేరింగును, ఎడమ మలుపులో పెరిగితే కుడి బేరింగును అనుమానించాలి. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా ఇలాగే మోగుతుంది కాబట్టి, చక్రాన్ని పైకి లేపి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చేతిని సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచితే, బేరింగులోని గరగర వేళ్ళకు తెలిసిపోతుంది. ఇంత చిన్న పరీక్ష చేయకుండానే నాలుగు టైర్లు మార్చమనే సలహాలకు మాత్రం కొరత లేదు.

మార్చే పనిలో ఎక్కువ భాగం ఓపికే. చక్రం నేల మీద ఉండగానే యాక్సిల్ నట్టును, అంటే ఇంజను శక్తిని చక్రానికి చేర్చే ఇరుసు చివరనున్న పెద్ద నట్టును వదులు చేసి, కారును లేపి, జాకీని నమ్ముకోకుండా ఉక్కు స్టాండు మీద నిలిపి, బ్రేకు కాలిపర్‌ను దాని రబ్బరు గొట్టానికి వేలాడనీయక తీగతో పైకి కట్టి, స్టీరింగు కడ్డీని, బాల్ జాయింటును, స్ట్రట్ బోల్టులను విప్పితే నకిల్ చేతికి వస్తుంది. మంచి పానాల పెట్టె, ఒక సెలవు పూట ఉన్నవారికి ఇంతవరకూ ఇంటి ముంగిటి పనే. ఆ తరువాత నకిల్ నుంచి హబ్బును, బేరింగును బయటికి నెట్టడానికి టన్నుల ఒత్తిడి పెట్టగల హైడ్రాలిక్ ప్రెస్సు కావాలి. దానికి సర్వీసు కేంద్రం అక్కరలేదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేతు షాపుల వారికి అది నిత్యకృత్యం, నకిల్‌ను సంచిలో వేసుకుని వెళితే చాలు.

ప్రెస్సు అందుబాటులో ఉన్నా సుత్తినే నమ్ముకోవడం మన షెడ్డుల పాత అలవాటు. బేరింగును నకిల్‌లోకి దించేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి, హబ్బును దించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆసరా ఉండాలి. ఈ నియమం తప్పితే దెబ్బ మొత్తం గుండ్ల గుండా పోయి, గుండు ఆనిన ప్రతిచోటా రింగు గాడిలో సన్నని సొట్ట పడుతుంది. కాఠిన్యాన్ని కొలిచే పద్ధతిని 1900లో ప్రకటించిన స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ పేరు మీద ఈ సొట్టలు పడడాన్ని బ్రినెలింగ్ అంటారు. అలాంటి బేరింగు తొందరలోనే మళ్ళీ మోత మొదలుపెడితే నింద డూప్లికేటు సామాను మీదికి పోతుంది, సుత్తిని ఎవరూ అనుమానించరు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కొత్త కార్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి కావడంతో ఇంకొక చిక్కు వచ్చింది: చాలా బేరింగులలో ఒక పక్క సీలులోనే చక్రం వేగాన్ని సెన్సరుకు తెలిపే అయస్కాంత వలయం ఉంటుంది, ఆ పక్క సెన్సరు వైపుకు రావాలి. పేపరు క్లిప్పు ఆనించి చూస్తే ఏ పక్కదో తేలే ఈ సంగతిని పట్టించుకోక తిరగేసి దించితే, ఏబీఎస్ దీపం ఆరదు, పని మొదటికి వస్తుంది.

అసలు ఫిర్యాదు నట్టు దగ్గర ఉంది. ఈ తరహా బేరింగులో లోపలి రింగు రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలను కలిపి నొక్కి పట్టి, గుండ్లకు తగిన బిగువునిచ్చేది యాక్సిల్ నట్టే. అది చాలినంత బిగియకపోతే రింగులు కదులుతాయి, మితిమీరి బిగిస్తే మర సాగుతుంది. అందుకే కొత్త నట్టు వేసి, మరొకరు బ్రేకు తొక్కి పట్టగా నిర్ణీత టార్క్‌కు, అంటే తిప్పుడు బలానికి, బిగించిన తరువాతే కారు బరువును ఆ చక్రం మీద వేయాలి. 200 న్యూటన్ మీటర్ల టార్క్ అంటే మీటరు పొడవు కడ్డీ చివర ఇంచుమించు 20 కిలోల బరువు వేలాడదీసినంత బలం. ఏ కారుకు ఎంత అన్నది తయారీదారు నిర్ణయించిన అంకె. యజమానికిచ్చే చేతిపుస్తకంలో ఫోనును కారుకు జతచేసే విధానం పేజీలకొద్దీ ఉంటుంది గాని, ఈ అంకె సాధారణంగా ఉండదు. అది వర్క్‌షాపు మాన్యువల్‌లో ఉంటుంది, ఆ మాన్యువల్ యజమాని చేతికి రాదు.

విడిభాగాలనూ లోపాలను పసిగట్టే పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందనీయలేదని భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ ఉత్తర్వు అప్పీళ్ళ పాలైంది. కేంద్రం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ తెరిచింది. అందులో కంపెనీల చిరునామాలు, వారంటీ నిబంధనలు పేర్చడం కంటే, ఒక్కొక్క మోడల్‌కు ఒక్కొక్క టార్క్ పట్టిక పెట్టించి ఉంటే మేలు జరిగేది. ఇది భద్రతకు సంబంధించిన పని కనుక యజమాని దూరంగా ఉండడమే మంచిదని కొందరంటారు. భద్రతే ప్రధానమైతే అంకెను ప్రచురించడమే దానికి దారి, ఎందుకంటే వారంటీ తీరిన కార్లలో చాలావాటికి ఆ నట్టును రోడ్డు పక్క షెడ్డులోనే చేతి అంచనాతో బిగిస్తున్నారు.

ఇంతకూ ఆ బేరింగు అంత త్వరగా ఎందుకు పోతున్నదన్న ప్రశ్నకు సమాధానం కారులో కాక, వీధిలో ఉంది. బాల్ బేరింగు ఆయుష్షు భారపు ఘనానికి విలోమంగా ఉంటుంది, అంటే భారం రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు దిగుతుంది. గుంతలో పడ్డప్పుడు తగిలే దెబ్బ ఈ లెక్కకు కూడా అందదు, అది సుత్తి చేసే పనినే చేస్తుంది. కొలత తప్పిన స్పీడ్ బ్రేకరుదీ అదే దెబ్బ. స్పీడ్ బ్రేకరుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటే బండికి ఇబ్బంది కలగని వంపు అది. మన కాలనీల్లో మాత్రం ఎవరింటి ముందు వారు ఒక తట్ట తారు, ఒక తట్ట కంకర పోయించుకుంటే అదే స్పీడ్ బ్రేకరు అవుతుంది, మున్సిపాలిటీ దానిని తొలగించదు సరికదా, పక్క వీధిలో తానే మరొకటి పోస్తుంది. ముందుగా హెచ్చరించే బోర్డు పెట్టాలనీ, గుట్ట మీద తెల్ల చారలు వేయాలనీ అదే ప్రమాణంలో ఉంది. బోర్డు ఎక్కడా కనిపించదు, వేసిన చారలు తొలివానకే పోతాయి, రాత్రివేళ వచ్చే డ్రైవరుకు ఆ గుట్ట సంగతి చక్రం ఎక్కిన తరువాతే తెలుస్తుంది.