ఆరావళి పటంలో లేని మనుషులు

కొండ అంటే ఏమిటి? ఈ ప్రశ్న ఇప్పుడు సుప్రీంకోర్టు ముందుంది. చుట్టుపక్కల నేల కంటే 100 మీటర్లు, ఆపైన ఎత్తుంటేనే ఆరావళి కొండగా లెక్కించాలని కేంద్ర పర్యావరణ శాఖ కమిటీ చెప్పింది. 2025 నవంబర్ 20న కోర్టు దాన్ని ఆమోదించింది. నిరసనలు వెల్లువెత్తాక డిసెంబర్ 29న తన తీర్పును తానే నిలిపేసి, కొత్తగా నిపుణుల కమిటీ వేయాలని ప్రతిపాదించింది. రాజస్థాన్‌లోని 12,081 కొండల్లో 1,048 మాత్రమే ఈ కొలతకు అందుతాయన్న విమర్శలో నిజమెంతో తేల్చాలని కూడా అడిగింది.

నేను ఢిల్లీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉపగ్రహ చిత్రాలు, రెవెన్యూ రికార్డులు పక్కపక్కన పెట్టి చదవడం నా రోజువారీ పని. 100 మీటర్ల నిర్వచనాన్ని నేనూ వ్యతిరేకిస్తాను. వాన నీటిని ఇంకించేవి, ఎడారి దుమ్మును ఆపేవి ఎత్తైన శిఖరాలు మాత్రమే కాదు, చిన్న చిన్న గుట్టలు కూడా. అయితే చర్చంతా ఎత్తు దగ్గరే ఆగిపోతోంది. రేపు కొలత మారి మంచి పటమే వచ్చిందనుకుందాం. అందులో మనిషికి చోటుంటుందా?

ముందు పటం ఎలా తయారవుతుందో చూద్దాం. ఒక హెక్టారుకు పైబడిన నేలలో పది శాతానికి మించి చెట్ల నీడ ఉంటే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని అటవీ విస్తీర్ణంగా లెక్కిస్తుంది. నేల ఎవరిదన్న దానితో పనిలేదు, చెట్టు ఏ జాతిదన్న దానితోనూ పనిలేదు. కాబట్టి బ్రిటిష్ వాళ్లు ఢిల్లీ రిడ్జ్‌లో నాటించిన సర్కారు తుమ్మ అడవి అవుతుంది. పలచని ముళ్లపొదలున్న సహజమైన ఆరావళి నేల అడవి కాకుండా పోతుంది. ఆ లెక్కకు వాడుతూ వచ్చిన ఉపగ్రహ చిత్రాల్లో ఒక్క చుక్క అంటే నేల మీద 23.5 మీటర్ల చదరం, దాదాపు 660 గజాలు. యాభై గజాల ఇళ్లు పదమూడు ఆ ఒక్క చుక్కలో ఇమిడిపోతాయి. వాటిలో ఎవరుంటున్నారో, ఎందుకు వచ్చారో ఏ ఉపగ్రహమూ చెప్పదు.

ఫరీదాబాద్ పక్కనున్న ఖోరీ గ్రామంలో జరిగింది అదే. ఆరావళి రాతి క్వారీల్లో పనికి వచ్చిన కూలీలు అక్కడ మొదట గుడిసెలు వేసుకున్నారు. క్వారీలు మూతపడ్డాక దళారులు అదే నేలను ముక్కలు చేసి పవర్ ఆఫ్ అటార్నీ కాగితాల మీద పేదలకు అమ్మారు. కొన్నవాళ్లలో వలస కూలీలు, దళితులు, ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1900 నాటి పంజాబ్ భూ సంరక్షణ చట్టం కింద అది అటవీ భూమి అని, ఆరు వారాల్లో ఖాళీ చేయించాలని 2021 జూన్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. కొవిడ్ కాలంలో, జూలై వానల్లో, దాదాపు పది వేల ఇళ్ల బస్తీ మీదికి బుల్డోజర్లు వచ్చాయి.

ఆ 1900వ సంవత్సరం గుర్తుంచుకోదగ్గది. నేల కోతను ఆపడానికి ఈ చట్టం వచ్చిన ఏడాదే పంజాబ్ భూ బదలాయింపు చట్టం కూడా వచ్చింది. ‘వ్యవసాయ తెగలు’గా గుర్తించిన కులాల భూమిని బయటివారు కొనకుండా అది కట్టడి చేసింది. ఆ జాబితాలో చోటులేని దళితులకు సాగుభూమి అందకుండా పోయింది. ఊరి ఉమ్మడి భూమి ‘షామిలాత్’లోనూ వాటా భూస్వాములకే, వాళ్లకున్న పొలం నిష్పత్తిలో దక్కేది. సాగుకు పనికిరాని కొండలూ అలాగే వాటాలై, చేతులు మారి, కొన్నిచోట్ల ఫాంహౌస్‌లయ్యాయి. నేలకు రక్షణ దొరికింది, నేలలేని వాళ్లకు దొరకలేదు.

ఆక్రమణ అందరికీ ఆక్రమణే అనేవాళ్లు గడువులు చూడాలి. అదే చట్టం కిందికొచ్చే మిగతా అక్రమ కట్టడాలను మూడు నెలల్లో తొలగించాలని 2022 జూలై 21న తీర్పు వచ్చింది. 2025 జూన్‌లోనూ ఆ ప్రాంతంలో ఫాంహౌస్‌లు, బాంక్వెట్ హాళ్ల కూల్చివేత సాగుతూనే ఉంది. ఢిల్లీ దక్షిణ రిడ్జ్ ప్రాంతంలో రోడ్డు వెడల్పు కోసం 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ అభివృద్ధి సంస్థ దాదాపు 1,100 చెట్లు కొట్టించింది. కోర్టు ధిక్కారమని తేలాక అధికారులకు పడింది తలా 25 వేల రూపాయలు. ఖోరీలో మాత్రం ఇల్లే పోయింది.

బాబాసాహెబ్ 1947లో రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఒక సెటిల్‌మెంట్ కమిషన్‌ను ప్రతిపాదించారు. సాగులో లేని ప్రభుత్వ భూములను ఆ కమిషన్ చేతికిచ్చి, షెడ్యూల్డ్ కులాలకు వేరుగా ఊళ్లు కట్టాలన్నారు. అంటే పటం మీద ఖాళీగా కనిపించే నేల ఎవరిదన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. మన తెలుగు నేల మీద బంజరు, పోరంబోకు, పోడు అన్న మాటల వెనక ఉన్నదీ అదే ప్రశ్న.

అందుకే కొత్త కమిటీ ముందు కొన్ని డిమాండ్లు పెట్టాలి. పటాలను ఖస్రా నంబర్లతో సహా ఊరూరా, బస్తీ బస్తీలో బహిరంగపరచాలి. కొండ ఎత్తుతో పాటు దాని మీద ఎవరు మేకలు మేపుతున్నారు, ఎవరు కట్టెలు ఏరుకుంటున్నారు, భూమి ఎవరి పేరున ఎప్పుడు మారిందన్నదీ పటానికి ఎక్కాలి. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడే గాని వాటికి బదులు కాదని అటవీ హక్కుల చట్టం 2012 సవరణ నిబంధనలు చెబుతున్నాయి. ఆ చట్టం ఖోరీ కూలీలకు వర్తించకపోయినా, ఆ సూత్రం ఆరావళి అంతటికీ వర్తించాలి. తొలగింపు తప్పదనుకుంటే పెద్ద ఆక్రమణతో మొదలుపెట్టాలి. పేదల ఇంటి జోలికి వెళ్లే ముందు పునరావాసం చూపాలి.

ఆరావళి బతకాలి. ఆ కొండను పగలగొట్టి ఢిల్లీని కట్టిన కూలీ కూడా బతకాలి. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద చూపలేని పటాన్ని మనం ఒప్పుకోనక్కర్లేదు. మన పిల్లలు ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పటాలు గీయడం నేర్చుకుంటున్నారు. కమిటీ పటం వచ్చేదాకా ఆగకుండా, వాడల్లో, బస్తీల్లో జనంతో కూర్చుని మన పటం మనమే గీసి కమిటీ ముందు పెట్టాలి.