డ్రెయిన్ ఆగిపోతే ఆగనివ్వండి

కుబర్నెటిస్ గొడవ తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. చాలా మెషీన్లని ఒక గుంపుగా కట్టి, వాటి మీద మన ప్రోగ్రాములని పాడ్‌లనే చిన్న మూటలుగా నడిపే పెత్తందారు అది. గుంపులో ఒక్కో మెషీనూ ఒక నోడ్. 2014లో గూగుల్ వాళ్ళు బయటపెట్టారు. ఇప్పుడు నేను ఏ క్లయింటు దగ్గరికి వెళ్ళినా ఇదే.

ఎప్పుడో ఒకప్పుడు ఒక నోడ్‌ని తీసెయ్యాల్సి వస్తుంది. దారిలో చెడిపోయిన ఆర్టీసీ బస్సుని గుర్తు తెచ్చుకోండి. కండక్టరు ముందు కొత్తవాళ్ళని ఎక్కనివ్వడు. అది కార్డన్. తర్వాత ఉన్నవాళ్ళని దింపి వెనకొచ్చే బస్సులో సర్దుతాడు. అది డ్రెయిన్. నిజానికి పాడ్ ఎక్కడికీ వెళ్ళదు, ఇక్కడ పోయి ఇంకోచోట దానిలాంటిదే కొత్తది పుడుతుంది. పోలిక అంతవరకే. ఈ రెండూ చెయ్యకుండా నేరుగా నోడ్‌ని డిలీట్ కొట్టే మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్ళకో నమస్కారం.

ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. నా పేచీ అంతా డ్రెయిన్ ముందుకి కదలనప్పుడు మనం చేసే పని గురించే.

అది ఊరికే మొండికెయ్యదు. ఒక పాడ్ ఎంప్టీడిర్ అనే తాత్కాలిక జాగాలో ఏదైనా దాచుకునే రకమైతే, అది పోతుందని ఆ పాడ్ పేరు చెప్పి మరీ ఆగుతుంది. వెనక ఏ కంట్రోలరూ లేని ఒంటరి పాడ్ అయితే, దీన్ని మళ్ళీ పుట్టించే దిక్కు లేదని ఆగుతుంది. "మావి కనీసం ఇన్ని నడుస్తుండాలి" అని ఎవరైనా పీడీబీ రాసిపెట్టుకుంటే, దానికి భంగం వచ్చేచోట అయిదు సెకన్లకోసారి అడుగుతూ కూర్చుంటుంది. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. కానీ ప్రతిదాన్నీ నోరు మూయించడానికి ఒక్కో ఫ్లాగు ఉంది. మనం అన్నీ కలిపి ఒకే కమాండుగా రన్‌బుక్‌లో పెట్టేస్తాం. మనం అని ఎందుకు లెండి, నేను పెట్టాను.

ఒక క్లయింటు దగ్గర నేను రాసిన ఆ కమాండుని హైదరాబాదులో ఉన్న కుర్రాడు తు.చ. తప్పకుండా నడిపాడు. ఇక్కడ రాత్రి ఒంటిగంట, అక్కడ పగలు పదకొండున్నర. అయిదు నిమిషాల్లో నోడ్ ఖాళీ. ఆ నోడ్ మీద ఒక అప్లికేషన్, జనం పంపిన కాగితాల స్కాన్‌లని ఎంప్టీడిర్‌లో పోగేసి తెల్లవారుజామున స్టోరేజికి పంపేది. ఆ రోజు పంపడానికేమీ మిగల్లేదు.

పొద్దున కాల్‌లో అందరూ అడిగింది ఒక్కటే, "రన్ చేసిందెవరు?" అని. అతను "నేనే సార్" అన్నాడు. రాసిందెవరని ఎవరూ అడగలేదు. నేను ఓ రెండు నిమిషాలు నోరు మెదపలేదు. తర్వాత ఒప్పుకున్నాను గానీ, ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ గుచ్చుకుంటాయి. ఆ ఒక్క ఫ్లాగు రాయకుండా ఉంటే, పని మొదట్లోనే ఆగి ఆ పాడ్ పేరు అతని కళ్ళ ముందు కనపడేది.

ఎంప్టీడిర్‌లో అలాంటివి దాచడం అప్లికేషన్ వాళ్ళ తప్పు కాదా అంటారు. తప్పే. ఒకే ఒక్క పాడ్ నడుపుతూ "కనీసం ఒకటి ఉండాలి" అని పీడీబీ రాసేవాళ్ళదీ తప్పే, వాళ్ళ నోడ్ ఆ జన్మకి ఖాళీ అవదు. అయినా ఆ తప్పుని వాళ్ళకి చూపించి దిద్దించాలి గానీ, వాళ్ళ బదులు మనం "పరవాలేదు, పోనీ" అని ముందే జవాబు రాసిపెట్టడమేమిటి? హార్డ్‌వేరు చచ్చిపోతుంటే తొందరపడండి, కాదనను. మిగతా రోజుల్లో కార్డన్ చేసి తెల్లారేదాకా వదిలేస్తే పోయేది ఒక మెషీను అద్దె, అంతే.

ఇప్పుడా రన్‌బుక్‌లో డీమన్‌సెట్లని వదిలెయ్యమనే ఫ్లాగు ఒక్కటే ఉంది. అవి ఎలాగూ నోడ్‌తోనే పోతాయి. మిగతా ఫ్లాగుల చోట ఎవరిని లేపాలో ఫోన్ నంబర్లు రాశాను, మొదటిది నాదే. పోయిన వారం రాత్రి రెండింటికి మోగింది. "అన్నా, ఆగింది, ఏం చెయ్యమంటావ్?" అన్నాడు. ఏం చెయ్యొద్దు, పడుకో అనబోయి, అక్కడ మధ్యాహ్నమని గుర్తొచ్చి, భోంచేసి రమ్మన్నాను. ఫోను చప్పుడికి లేచిన మా ఆవిడకి మాత్రం ఈ కొత్త రన్‌బుక్ అస్సలు నచ్చలేదు.