పిట్టల పేర్లు తెలిసినవాళ్లం

అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్లు, పంజగుట్ట అంటే ట్రాఫిక్, ఇంతే అనుకుంటాం మనం. కానీ అమీర్‌పేటలో రాయదుర్గం వైపు మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. అక్కడి నుంచి నడిచి వెళ్లే దూరంలో ఒక అడవే ఉంది. అది 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు. సుమారు 390 ఎకరాలు. ఏటా చలికాలంలో ఒక ఆదివారం ఉదయం హాస్టల్ విద్యార్థులు, పూర్వ విద్యార్థుల కుటుంబాలు కలిసి అక్కడ నడవాలని ఈ వార్షికోత్సవాన మా విన్నపం.

చలికాలంలో ఎండ బాధ ఉండదు. చిన్నపిల్లలూ, పెద్దవాళ్లూ నడవగలరు. ఆకులు రాలి కొమ్మలు పలచబడితే పిట్టలు సులువుగా కనబడతాయి. ఉత్తరాది నుంచి వలస పిట్టలు కూడా వస్తాయి.

కానీ మేము ఈ మాట ఎత్తడానికి అసలు కారణం వేరు. మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చాం. మోదుగాకుతో విస్తళ్లు కుట్టినవాళ్లు, తునికాకు కోసినవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. కూత వింటే అది పికిలిపిట్టో, జెముడుకాకో చెప్పగలం. పట్నం వచ్చాక ఆ పేర్లు పలకడానికి సిగ్గుపడుతున్నాం. ఇంగ్లీషు పేరు తెలిస్తే చదువు, తెలుగు పేరు తెలిస్తే మొరటుతనమా?

కలివికోడి సంగతే చూడండి. 1900 తర్వాత కనబడక, అంతరించిపోయిందనుకున్న పక్షి అది. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని పట్టి పరిశోధకులకు చూపించింది పిట్టలు పట్టే ఐతన్న అనే స్థానికుడు. ఆ తర్వాత దాని రక్షణ కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది.

అలాగని మనకు అన్నీ తెలుసని కాదు. మన గుట్టల మీద కాసే సీతాఫలం పుట్టిల్లు అమెరికా ఖండం. వేసవిలో ఎర్రగా పూసే తురాయి మడగాస్కర్‌ది. ఈ సంగతులు పుస్తకాలే చెప్పాలి. అమ్మమ్మ చెప్పిన పేరూ, పుస్తకంలోని పేరూ పక్కపక్కన రాసుకుంటేనే చదువు నిండుగా ఉంటుంది.

పరీక్షలున్నాయి, తీరిక లేదంటారు. ఇది రెండు గంటల పని. పార్కు టికెట్ ఖర్చు ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు, అక్కలు పెట్టుకుంటే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు భారం ఉండదు. ఆకు తుంచొద్దు, నెమళ్లకు తిండి వేయొద్దు, అరవొద్దు. ఏ జిల్లాలో ఏ పిట్టను ఏమంటారో ఒక నోటుబుక్కులో రాసి హాస్టల్ లైబ్రరీలో ఉంచుదాం.

అన్నలారా, అక్కలారా! మీ పిల్లల్ని వెంటబెట్టుకుని రండి. వాళ్లకు ఆ పేర్లు చెప్పవలసింది మనమే.