పేస్‌మేకర్ ఉన్నవారికి విమానయానం నిషిద్ధం కాదు

సంపాదకులకు,

పేస్‌మేకర్ అమర్చుకున్నవారు విమానాశ్రయ తనిఖీ ద్వారం దాటితే ఆ పరికరం ఆగిపోతుందని, కాబట్టి ప్రయాణం మానుకోవడమే మేలని మీ పత్రికలోని ఇటీవలి ఆరోగ్య వ్యాసంలో రాసిన మాట సరికాదు. గుండె లయ మందగించినప్పుడు స్వల్ప విద్యుత్ స్పందనలతో దాన్ని నిలబెట్టే పేస్‌మేకర్ లోహపు కవచంలో ఉంటుంది గనుక ద్వారం మోగితే మోగవచ్చు గాని, మామూలు నడకతో ఆగకుండా దాటిపోయేవారికి దానివల్ల హాని కలగదు. జాగ్రత్త పడవలసింది చేతితో పట్టుకునే లోహశోధకం విషయంలో. దాన్ని పరికరం మీదనే ఎక్కువసేపు ఉంచితే, ప్రాణాంతకమైన లయభంగాన్ని గుర్తించి షాక్ ఇచ్చే, పేస్‌మేకర్‌లాగే శరీరంలో అమర్చే డీఫిబ్రిలేటర్ ఆ శోధకం విద్యుదయస్కాంత ప్రభావాన్ని గుండె సంకేతంగా పొరబడే అవకాశం, అరుదుగానైనా, ఉంది. అందుకే ఆస్పత్రి ఇచ్చిన పరికర గుర్తింపు కార్డును భద్రతా సిబ్బందికి (శంషాబాద్ విమానాశ్రయంలో వీరు కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం వారు) ముందే చూపి, చేతులతో తడిమి చూసే తనిఖీని కోరడం సరైన మార్గం.

చంద్రశేఖరపురం వంటి మండలాల నుంచి పిల్లల దగ్గరికి తొలిసారి విమానంలో వెళ్లే వృద్ధులకు కావలసినది ఈ సమాచారమే. వారిని భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టడం అన్యాయం. ఆ కార్డు ముందుగా అప్పగించే పెట్టెలో కాక చేతిసంచిలో ఉండాలన్న అవసరమైన సంగతి కూడా వ్యాసంలో కనిపించలేదు.

— ఒక పాఠకుడు, చంద్రశేఖరపురం