శాంపిల్ చెడకుండా చేరాలి
వానాకాలం విరేచనాలు పట్టుకుంటే మన పల్లెల్లో పరీక్ష ఊసెత్తకుండానే యాంటీబయాటిక్ పడిపోతుంది. ప్రభుత్వ పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలై, 2021లో నిజామాబాద్‌తో సహా జిల్లాలకు వచ్చింది. రక్త పరీక్షలకు అది పెద్ద ఊరట, మలంలోని క్రిములను పెంచి చూసే కల్చర్ సంగతి వేరు. డబ్బాలో పట్టిన మలం రెండు గంటల్లో ల్యాబ్ చేరకపోతే షిగెల్లా లాంటి సున్నితమైన క్రిములు చచ్చిపోతాయి, పేగులో మామూలుగా ఉండేవి పెరిగిపోతాయి. నిజామాబాద్ జిల్లా వర్నిలో తీసిన శాంపిల్ నాలుగు ఆస్పత్రులు చుట్టి నిజామాబాద్ చేరాల్సివస్తే ఆ గడువు దాటినట్టే. అప్పుడొచ్చే ‘క్రిములు లేవు’ అన్న రిపోర్టును నమ్మడం అసలు రిపోర్టే లేకపోవడం కన్నా ప్రమాదం. ఈ చిక్కు తీరడానికి క్యారీ-బ్లెయిర్ మీడియం నింపిన చిన్న గొట్టం చాలు. రక్తమో జిగురో ఉన్నచోట దూదిపుల్ల అద్ది, అందులో గుచ్చి మూత బిగిస్తే క్రిములు ఒకటి రెండు రోజులు బతికుంటాయి. అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి.

చాలా విరేచనాలు ఓఆర్‌ఎస్‌తోనే తగ్గుతాయి, పరీక్ష దండగ అంటారు. నిజమే, అందరికీ అక్కర్లేదు. రక్తం పడినా, జ్వరం తీవ్రంగా ఉన్నా, బియ్యం కడిగిన నీళ్లలా పోతున్నా, ఒకే వాడలో నలుగురు పడకేసినా మాత్రం చేయాల్సిందే. రెండు మూడు రోజులకొచ్చే ఫలితం ఈ రోగికేం పనికొస్తుందన్నది గట్టి ప్రశ్నే. వైద్యం దానికోసం ఆగదు, కానీ ఏ మందుకు క్రిమి లొంగడం లేదో తెలిస్తే తర్వాత వచ్చే పదిమందికి ఆ మందు రాయరు. పీసీఆర్ కొన్ని గంటల్లోనే క్రిమి పేరు చెబుతుంది గానీ, అది ఏ మందుకు లొంగదో పూర్తిగా తేల్చలేదు. జిల్లా వైద్య శాఖ వానలకు ముందే ఈ గొట్టాలను వర్ని లాంటి ఊళ్ల ఆరోగ్య కేంద్రాలకు పంపాలి.