తోస్తే స్టార్టవుతోంది కదా అని ఊరుకోవద్దు

 

మొన్న మన సంఘం గ్రూపులో ఒక వీడియో తిరిగింది. ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, స్టీరింగ్ దగ్గర మా మేనల్లుడు, వెనక పంచెలు ఎగ్గట్టి తోస్తున్న నలుగురం. అందరూ నవ్వుకున్నారు, మేమూ నవ్వాం. కానీ వీడియోలో పడనిది ఒకటుంది. ఇంజిన్ అంటుకుని కారు ముందుకు దూకగానే మాలో పెద్దాయన పట్టు తప్పి తెన్కాశి రోడ్డు మీద బోర్లా పడ్డారు. మోకాలు చితికింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి ఇవాళ కారు గురించి రాసుకుంటున్నాం.

వీడియో కింద మరో గొడవ మొదలైంది. "బ్యాటరీ మార్చాడు, సెల్ఫ్ మోటారు మార్చాడు, అయినా తోయాల్సిందేనా? ఆ మెకానిక్ దోచుకున్నాడు" అని కొందరు రాశారు. మా అభిప్రాయం వేరు. తప్పులో పెద్ద వాటా మాదే. అది ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

మూడు నెలల కిందట కారు సెల్ఫ్ తీసుకోవడం మానేసింది. తాళం తిప్పితే లోపల సన్నగా "టక్" మని ఒక్క చప్పుడు, అంతే. సెకండ్ గేర్లో పెట్టి తోస్తే మాత్రం మొదటి అదటుకే అంటుకునేది. బ్యాటరీ పోయిందన్నారు ఒకరు. కొత్తది వేశాం. వారం బాగుంది, మళ్లీ అదే కథ. ఈసారి సెల్ఫ్ మోటారు అన్నారు ఇంకొకరు. మెకానిక్ "ఒక్కరోజు బండి వదిలిపెట్టండి, చూసి చెప్తాను" అన్నాడు. మేము వింటేనా! "రేపు పెళ్లికి పోవాలి, మోటారు మార్చెయ్యి" అన్నాం. మార్చాడు. పది రోజులు నడిచింది. తరువాత మళ్లీ తోపుడే. రోగి వచ్చి మందు పేరు తానే చెప్పి, జబ్బు తగ్గకపోతే డాక్టరును తిట్టినట్టుంది మా పని.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తోస్తే స్టార్టయ్యే కారు మనకు సగం జవాబు చెప్పేసినట్టే. తోసినప్పుడు చక్రాలు గేర్ల ద్వారా ఇంజిన్‌ని తిప్పుతాయి. అది వెంటనే అంటుకుందంటే పెట్రోలు వస్తోంది, స్పార్కు ఉంది, ఇంజిన్ లోపల కంప్రెషన్ ఉంది. ఇంధన పంపు, ప్లగ్గులు, కార్బురేటరు లేదా ఇంజెక్టర్ల జోలికి పోనక్కర్లేదు. వెతకాల్సింది ఒకే దారిలో: బ్యాటరీ, దాని టెర్మినళ్లు, లావు కేబుళ్లు, ఎర్త్ పట్టీ, తాళం స్విచ్, రిలే, కొన్ని కార్లలో క్లచ్ పెడల్ స్విచ్, సోలినాయిడ్, చివరికి మోటారు. మొదటిదీ చివరిదీ కొనేశాం. మధ్యలో ఉన్నవాటిని ఎవరూ చూడలేదు.

"లైట్లు దేదీప్యంగా వెలుగుతున్నాయి కదా, కరెంటు బాగానే ఉంది" అని మనం అనేస్తాం. రెండు హెడ్‌లైట్లకు దాదాపు 10 ఆంపియర్లు చాలు. సెల్ఫ్ మోటారు 100 ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతుంది. ఊరి పైపులో బిందె నిండినంత మాత్రాన పొలం తడుస్తుందనుకోవడం ఎంతో, ఇదీ అంతే.

ముందు చెవితో వినాలి. చప్పుడే లేకపోతే ఎక్కువసార్లు తాళం స్విచ్, రిలే, సన్న వైర్ల వైపు చూడాలి. "టకటకటక" మంటే బ్యాటరీ నీరసమో, టెర్మినల్ వదులో. ఒక్క "టక్" దగ్గర ఆగితే సోలినాయిడ్ కాంటాక్టులు, మోటారు, లేదా లావు కేబుళ్లు, ఎర్తు. తరువాత కంటితో చూడాలి. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పినప్పుడు అవి ఆరిపోయేంత మసకబారితే బ్యాటరీ, టెర్మినళ్లు చూడాలి. అలాగే వెలుగుతుంటే మోటారుకు కరెంటు చేరడం లేదని అర్థం. మా కారులో లైట్లు కదల్లేదు. అది మూడు నెలలుగా మా కళ్ల ముందే ఉంది.

పట్టుకున్నది మా ఇంటి పిల్ల. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతోంది. తాళం రెండు మూడుసార్లు తిప్పించి, యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "మామా, ఇది కాలుతోందేమిటి?" అంది. తరువాత మల్టీమీటర్ తెచ్చింది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయించింది. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు, మంచి ఆరోగ్యం. మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఇంకో ముల్లు ఇంజిన్ లోహం మీద పెట్టి తాళం తిప్పమంది. అక్కడ అర వోల్టు కూడా దాటకూడదు. 9 దాటింది! అంటే మోటారుకు అందాల్సిన బలమంతా ఎర్తు దారిలోనే ఖర్చయిపోతోంది. జంపర్ కేబుల్ ఒకటి తీసి మైనస్ నుంచి ఇంజిన్‌కు నేరుగా తగిలించింది. తాళం తిప్పగానే ఇంజిన్ గుర్రంలా లేచింది.

కిందికి దూరి చూస్తే, గేర్‌బాక్స్ దగ్గర అల్లిన రాగి పట్టీ పచ్చగా చిలుము పట్టి నాలుగు పోగుల మీద వేలాడుతోంది. ఎర్తు సరిగ్గా లేక కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంది, అందుకే ఆ వేడి. ఆల్టర్నేటర్ కూడా ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఛార్జింగూ సరిగ్గా సాగక కొత్త బ్యాటరీ నీరసపడింది. మోటారు మార్చేటప్పుడు పట్టీ కదిలి కొన్నాళ్లు ఆనింది, మళ్లీ వదిలేసింది. అన్ని ముడులూ విడిపోయాయి. పట్టీ ఖరీదు రెండు వందలు కూడా కాలేదు. కంపెనీ పేరు చెప్పం, ఇది కంపెనీ తప్పు కాదు, వయసు తప్పు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఇంగ్లండ్ లోటస్ ఎలాన్, మన గోవాలో తయారైన శాన్ స్టార్మ్ వంటి స్పోర్ట్స్ కార్లకు ఫైబర్ బాడీ. ఫైబర్‌లో కరెంటు పారదు. అలాంటి బండ్లలో ప్రతి ఎర్తూ వైరు ద్వారానే పోవాలి, వాటిని ముందు చూడాలి.

తోయడం గురించి కూడా ఒక మాట. దారి మధ్యలో చిక్కుకుంటే ఒక్కసారికి సరే. అలవాటు చేసుకోకూడదు. ఇంజిన్ ఆగి ఉంటే పవర్ బ్రేకు, పవర్ స్టీరింగ్ సాయం ఉండదు. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోతే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. ఆటోమేటిక్ గేర్ల బండికి ఈ వైద్యం అసలు పనికిరాదు. ఒకప్పుడు హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తూ జనం మణికట్లు విరగ్గొట్టుకునేవారు. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ 1912 మోడల్ క్యాడిలాక్‌తో వచ్చాక ఆ బాధ తీరింది. వందేళ్లు దాటాక మనం మోకాళ్లు చితగ్గొట్టుకుంటున్నాం.

మనకు ఈ విద్య కొత్తదా? మనలాగే తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారును తయారుచేశారు. పెద్ద చదువులు చదవలేదు, విప్పి చూసి, కొలిచి నేర్చుకున్నారు. కోయంబత్తూరులో ఆయన పేరిట ఉన్న కార్ల మ్యూజియంకు మనవాళ్లు వెళ్లి ఫోటోలు దిగుతారు. ఆయన అలవాటు మాత్రం అక్కడే వదిలేసి వస్తారు.

అందుకే మా ప్రతిపాదన ఇది. ఏటా మన సంఘం సభలో శాలువాలకు, షీల్డులకు ఖర్చు పెడుతున్నాం. ఈ ఏడాది ఆ డబ్బులో కొంత తీసి రెండు మూడు మల్టీమీటర్లు, ఒక పాత బ్యాటరీ, ఒక పాత సెల్ఫ్ మోటారు కొందాం. ఒక ఆదివారం మన రాజపాళయం పిల్లలకు, అబ్బాయిలకూ అమ్మాయిలకూ, కొలిచి కనిపెట్టడం నేర్పిద్దాం. చెప్పేది ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెబుదాం. తెలుగు లిపి రాని పిల్లలకు కాగితం మీద తమిళంలో రాసిద్దాం. పాఠం చెప్పడానికి మనం గ్రూపులో తిట్టిన ఆ మెకానిక్‌నే పిలుద్దాం, వేదిక మీద కుర్చీ వేద్దాం.

మేము నిన్న అతని షెడ్డుకు వెళ్లి క్షమాపణ చెప్పాం. అతను కోప్పడలేదు. "ఒక్కరోజు అడిగాను కదన్నా" అన్నాడు, అంతే. మిగతావాళ్లు కూడా గ్రూపులో రాసిన మాటలు వెనక్కి తీసుకుంటే బాగుంటుంది. పెద్దాయన మోకాలు మానుతోంది. కారు తాళంతోనే స్టార్టవుతోంది. సభకు ఇంకా సమయం ఉంది, మల్టీమీటర్ల సంగతి ఏమంటారో చెప్పండి.