అణు వ్యర్థాలకు కాపలా సరే... కాపలాదారు మీద నిఘా ఎవరిది?

గర్భిణికి ఎక్స్‌రే అనగానే ‘తప్పదా డాక్టర్ గారూ?’ అని ఇంటిల్లిపాదీ అడుగుతాం. మంచి అలవాటే. మరి రేడియేషన్ వెదజల్లే సరుకు వేల టన్నుల లెక్కన పరాయి దేశాల నుంచి ఓడల్లో వస్తుందంటే ఎవరిని అడగాలి? దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర ప్రజలకు ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది.

అక్కడి ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ 2016 మేలో నివేదిక ఇచ్చింది. ఇతర దేశాల రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని 1,38,000 టన్నుల దాకా తెచ్చి దాచిపెడితే, మొత్తం కాలానికి 25,700 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా ఆదాయం వస్తుందని లెక్క చెప్పింది. మొదట భూమ్మీద నిల్వ, ఆ తర్వాత భూగర్భంలో.

వాడేసిన ఇంధనం అంటే చల్లారిన బూడిద కాదు. రియాక్టర్ నుంచి తీశాక కొన్నేళ్లపాటు నీటి కొలనులో ఉంచాల్సినంత వేడి దానిది. ఆ తర్వాతే ఉక్కు, కాంక్రీటు పీపాల్లోకి మారుస్తారు. ఆ పీపా చెక్కుచెదరనంత కాలం చుట్టుపక్కల ఊళ్లకు చేరే రేడియేషన్ చాలా తక్కువ. సామాన్యులకు పెట్టిన పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్. ఛాతీ సీటీ స్కాన్ ఒక్కదానితోనే అంతకు కొన్ని రెట్లు ఒంట్లోకి వెళ్తుంది. కాబట్టి వాట్సాప్ సందేశాలు చూసి బెదిరిపోకండి.

అసలు భయం లీకైనా బయటకు చెప్పకపోవడంతోనే. స్ట్రాన్షియం-90 కాల్షియం మాదిరిగా ఎముకల్లో చేరుతుంది. సీజియం-137 కండరాల్లోకి వెళ్తుంది. ఇవి సగానికి తగ్గడానికే సుమారు 30 ఏళ్లు పడుతుంది. ప్లుటోనియం-239కైతే 24 వేల ఏళ్లు. ప్రభుత్వాల గడువేమో అక్కడ నాలుగేళ్లు, మన దగ్గర ఐదేళ్లు!

‘అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చూసుకుంటుందిగా’ అంటారు. దాని తనిఖీదారులు ప్రధానంగా చూసేది, ఆ పదార్థం బాంబులకు మళ్లుతోందా అని. భద్రతా ప్రమాణాలు కూడా అది రాసిస్తుంది కానీ, అమలు బాధ్యత ఆయా దేశాల ప్రభుత్వాలదే. అంటే నిల్వ మీద అద్దె తీసుకునేదీ, లీకును పట్టుకోవాల్సిందీ ఒకరే. హోటల్ యజమానికే ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఇచ్చినట్టుంది!

2016 నవంబరులో 300 మందికి పైగా మామూలు పౌరులతో కూడిన జ్యూరీ ఈ ప్రతిపాదనను పరిశీలించింది. మూడింట రెండొంతుల మంది ఏ పరిస్థితుల్లోనూ వద్దన్నారు. ప్రభుత్వం మీద నమ్మకం లేకపోవడం, ఆదివాసుల సమ్మతి లేకపోవడం వాళ్లు చెప్పిన ముఖ్య కారణాలు. 1950, 60ల్లో ఆ రాష్ట్రంలోని మరలింగలో బ్రిటన్ అణు పరీక్షలు జరిపింది. ఆదివాసులు దాన్నెలా మరచిపోతారు? మరుసటి ఏడాది ప్రభుత్వం వెనక్కి తగ్గింది. నా దృష్టిలో అది ఆరోగ్యం కోసం తీసుకున్న నిర్ణయమే.

ఏ దేశమైనా ఇలాంటి సరుకు దించుకునే ముందే నిఘా సంస్థను మంత్రిత్వ శాఖ చేతిలోంచి తప్పించి, చట్టసభకు జవాబుదారీ చేయాలి. రేడియేషన్ కొలతలు రోజూ అందరికీ కనిపించాలి. మొదటి పీపా రాకముందే చుట్టుపక్కల వాళ్ల థైరాయిడ్, కేన్సర్ వివరాలు నమోదు చేయాలి. లేకుంటే రేపు జబ్బు పెరిగిందా లేదా అన్నది దేనితో పోల్చి చెబుతారు?

మనకూ ఇది దూరపు సంగతేమీ కాదు. మన అణుశక్తి నియంత్రణ మండలికి తగినంత స్వతంత్రత లేదని 2012లోనే కాగ్ తప్పుపట్టింది. శ్రీకాకుళం తీరంలోని కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. దాని మీద సభ పెట్టినప్పుడు ఉద్యోగాల గురించి ఎలాగూ అడుగుతారు. వాడేసిన ఇంధనం ఎక్కడ ఉంచుతారు, కొలతలు ఎవరు తీస్తారు, అవి ఊరివాళ్లకు ఏ రోజుకారోజు చెబుతారా అన్నది కూడా అడగండి.